బిడ్డ తాగే నీళ్ళు ఎక్కడివి?

చదువులో మీ బిడ్డ వెనకబడుతున్నాడని మాస్టారు చెప్పారు. అదే వారంలో ఎవరో మీ ఫోన్‌కి ఒక వీడియో పంపారు. నీళ్ళలో ఫ్లోరైడ్ ఉంటే పిల్లల తెలివితేటలు తగ్గిపోతాయని అందులో ఒకాయన గట్టిగా చెబుతున్నాడు. ఇక ఆ రాత్రి కంటిమీద కునుకు పడుతుందా? తెల్లారి బోరింగు దగ్గర బిందె పెడుతుంటే మనసు పీకుతుంది. ఈ నీళ్ళు పట్టుకెళ్ళాలా, వద్దా? వద్దనుకుంటే మరి ఏం తాగాలి? ఊటకి పోవాలా? కొట్లో నీళ్ళ డబ్బా కొనాలా? రోజూ కొనే స్తోమత ఉందా?

మారేడుమిల్లి చుట్టుపక్కల గూడేల్లో పిల్లల్ని పెంచుకుంటున్న అమ్మానాన్నల కోసం, ఆ పిల్లల్ని రాత్రీపగలూ కనిపెట్టుకుని ఉండే ఆశ్రమ పాఠశాల మాస్టార్ల కోసం, వార్డెన్ల కోసం ఈ అధ్యాయం. మీ భయాన్ని కొట్టిపారెయ్యను. దానికి కారణం ఉంది. అయితే ఫ్లోరైడ్ కంటికి కనబడదు, నాలుకకి తెలియదు, వాసన రాదు. కొలిస్తేనే బయటపడుతుంది. కొలవకుండా భయపడి చేసే పనులు ఒక్కోసారి ఫ్లోరైడ్ కంటే ఎక్కువ చెరుపు చేస్తాయి. అందుకే ఇక్కడ మనం చెయ్యబోయేది ఒకటే: మీ బిడ్డ కడుపులోకి వెళ్ళే నీళ్ళు ఏవో కనుక్కుని, వాటిని కొలిపించి, ఆ తర్వాతే అడుగు వెయ్యడం.

భయంలో నిజమెంత?

జనం ఫ్లోరిన్ నీళ్ళు అని పిలిచే ఈ నీళ్ళ బాధ తెలుగువాళ్ళకి కొత్త కాదు. 1937లోనే అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా పల్లెల్లో ఫ్లోరైడ్ వల్ల వచ్చే జబ్బుని డాక్టర్లు గుర్తించి వైద్య పత్రికకి రాశారు. ఇప్పటికీ దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాల్లో ఈ మాట వినబడుతూనే ఉంటుంది. ఇక నల్లగొండ సంగతి చెప్పాలా? మర్రిగూడ, మునుగోడు వైపు పళ్ళు గారపట్టి, మోకాళ్ళు వంకరపోయి, నడుము వంగిపోయిన మనుషుల్ని ఒక తరం మొత్తం చూసింది. పళ్ళకీ ఎముకలకీ ఫ్లోరైడ్ చేసే చెరుపు గురించి ఎవరికీ అనుమానం లేదు.

మెదడు సంగతి కాస్త జాగ్రత్తగా వినండి. అమెరికాలోని నేషనల్ టాక్సికాలజీ ప్రోగ్రామ్ వాళ్ళు 2024 ఆగస్టులో ఒక నివేదిక ఇచ్చారు. తాగే నీటిలో లీటరుకి 1.5 మిల్లీగ్రాముల కంటే ఎక్కువ ఫ్లోరైడ్ ఉన్నచోట పిల్లల ఐక్యూ, అంటే తెలివితేటల కొలత, తక్కువగా ఉంటోందని, ఆ మాట మీద తమకు ఓ మోస్తరు నమ్మకం ఉందని అందులో రాశారు. 2025 జనవరిలో జామా పీడియాట్రిక్స్ అనే పత్రికలో 74 అధ్యయనాలను కలిపి చూసిన వ్యాసం వచ్చింది. ఆ అధ్యయనాల్లో ఎక్కువ చైనావి, కొన్ని మన దేశానివి. పిల్లల మూత్రంలో ఫ్లోరైడ్‌ని కొలిచిన అధ్యయనాలను చూస్తే, లీటరుకి ఒక మిల్లీగ్రాము పెరిగితే ఐక్యూ సగటున 1.63 పాయింట్లు తగ్గినట్టు తేలింది. నీటిలో ఫ్లోరైడ్ 1.5 కంటే తక్కువ ఉన్నచోట మాత్రం అలాంటి లెక్క కనబడలేదు. చేర్చిన అధ్యయనాల్లో చాలావాటి నాణ్యత అంతంతమాత్రమేనని కూడా ఆ వ్యాసం రాసినవాళ్ళే చెప్పారు.

మరి మీ ఇంట్లో దీని అర్థం ఏమిటి? రెండు ముక్కల్లో చెబుతాను. ఎక్కువ ఫ్లోరైడ్ ఉన్న నీళ్ళు పిల్లలకి తాగించకూడదు, ఇందులో మారు మాట లేదు. కానీ ఈ అంకెలు వేల మంది పిల్లల సగటు మీద చెప్పినవి. మీవాడికి లెక్కలు ఎందుకు రావడం లేదో వీటిని చూసి చెప్పలేం. "వీడు ఫ్లోరిన్ నీళ్ళు తాగాడు, ఇక ఇంతే" అని ఒక్కసారి అన్నారంటే, నీళ్ళు చెయ్యని నష్టం ఆ మాట చేస్తుంది. ఆ మాట ఇంట్లో గానీ బడిలో గానీ ఎవరి నోటా రానివ్వకండి.

ఇక పనిలోకి దిగుదాం.

1. బిడ్డ రోజంతా ఎక్కడెక్కడ నీళ్ళు తాగుతోందో రాయండి

చాలామంది ఇక్కడే పొరపాటు చేస్తారు. ఒక తండ్రి ఉన్నాడనుకోండి. పుల్లంగి వైపు గూడెం. వీడియో చూసి కంగారుపడి, తన ఇంటి దగ్గరి ఊట నీళ్ళు సీసాలో పట్టి, ఖర్చులు పెట్టుకుని బస్సెక్కి తీసుకెళ్ళాడు. పరీక్షలో ఫ్లోరైడ్ తక్కువే వచ్చింది. ఊపిరి పీల్చుకున్నాడు. కానీ ఆయన కూతురు ఆరో తరగతి. ఆశ్రమ పాఠశాలలో ఉంటుంది. దసరాకి, సంక్రాంతికి, వేసవికి ఇంటికొస్తుంది. ఆ పిల్ల తాగేది హాస్టల్ బోరు నీళ్ళు, తినేది ఆ నీళ్ళతో వండిన అన్నం. మరి ఆయన కొలిపించింది ఎవరి నీళ్ళు?

ఒక కాగితం తీసుకోండి. పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా బిడ్డ నీళ్ళు తాగే చోట్లన్నీ రాయండి. ఇల్లు, అంగన్‌వాడీ, బడి, హాస్టల్, పోడు చేను, అమ్మమ్మగారి ఊరు. ఒక్కో చోటుకి ఎదురుగా నీళ్ళు ఎక్కడివో రాయండి: ఊట, వాగు, చెలమ, చేతిపంపు, మోటారు బోరు, కొండ మీదనుంచి పైపు వేసి తెచ్చిన నీళ్ళు, కొన్న డబ్బా. అందులో ఏ నీళ్ళు ఎక్కువ రోజులు తాగుతోందో దానికి గుర్తు పెట్టండి. పరీక్ష మొదలుపెట్టాల్సింది ఆ గుర్తు దగ్గరే.

బోరుకీ ఊటకీ తేడా ఎందుకు చూడమంటున్నానంటే, ఫ్లోరైడ్ ఎక్కువగా రాయిలోంచి వస్తుంది. వాన నీరు నేలలోకి దిగి, రాతి పగుళ్ళలో ఏళ్ళ తరబడి నిలిచే కొద్దీ రాతిలోని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్‌ని కరిగించుకుంటుంది. అందుకే లోతు బోర్లలో ప్రమాదం ఎక్కువ. మన కొండల్లో వానలు బాగా పడతాయి. పైపైన పారి త్వరగా బయటికొచ్చే ఊటల్లో, పాములేరు లాంటి వాగుల్లో ఫ్లోరైడ్ సాధారణంగా తక్కువే ఉంటుంది. ఫ్లోరిన్ పేరు చెబితే గుర్తొచ్చే ప్రాంతాల్లో మారేడుమిల్లి లేదు కూడా. అయినా ఒకే ఊళ్ళో రెండు బోర్ల నీళ్ళు రెండు రకాలుగా ఉండొచ్చు. పక్క బోరు బాగుందని మీ బోరు బాగున్నట్టు కాదు.

2. మూడో తరగతి, నాలుగో తరగతి పిల్లల పళ్ళు చూడండి

ఇది మాస్టార్లు సులువుగా చెయ్యగలిగిన పని. పైసా ఖర్చు లేదు. ముందు వరస పెద్దపళ్ళు ఆరేడేళ్ళకి వస్తాయి. వాటి మీద ఎనామిల్ పొర తయారయ్యేది అంతకు చాలా ముందు, బిడ్డ పుట్టిన తర్వాతి నాలుగైదేళ్ళలో. ఆ వయసులో ఎక్కువ ఫ్లోరైడ్ తాగిన పిల్లల పళ్ళ మీద దాని గుర్తు ఉండిపోతుంది. అందుకే ఎనిమిది, తొమ్మిదేళ్ళ పిల్లల్ని చూడమంటున్నాను.

వరండాలోకి, పగటి వెలుతురులోకి తీసుకురండి. నోరు పుక్కిలించమనండి. శుభ్రమైన గుడ్డతో ముందుపళ్ళు తుడిచి, తడి ఆరనివ్వండి. ఇప్పుడు దగ్గరగా చూడండి. సుద్దముక్కతో అడ్డంగా గీసినట్టు తెల్లటి చారలు కనబడుతున్నాయా? పంటి మెరుపు పోయి పాలిపోయినట్టుందా? ఇంకా ముదిరితే పసుపు, గోధుమ రంగు మచ్చలు, చిన్న గుంటలు ఉంటాయి. ఫ్లోరైడ్ మచ్చ ఎడమ పంటి మీద ఉంటే దాని జత కుడి పంటి మీదా ఉంటుంది. గోటితో గీకితే పోదు. ఒక్క పన్ను మీదే మచ్చ ఉందంటే దెబ్బ తగిలి ఉండొచ్చు, పాలపన్ను పుచ్చినప్పటి గుర్తు కావచ్చు. చిగురు అంచున పేరుకుని, గీకితే ఊడే పచ్చటిది మామూలు గార.

చూసేటప్పుడు పిల్లల ముందు ఏ వ్యాఖ్యా చెయ్యకండి. "ఛీ, నీ పళ్ళేంట్రా ఇలా ఉన్నాయి" అంటే ఆ పిల్లవాడు మళ్ళీ బళ్ళో నోరు విప్పి నవ్వడు. ఒకే గూడెంలో పుట్టి పెరిగిన పిల్లలు నలుగురైదుగురిలో ఇవే చారలు కనబడితే, ఆ గూడెం పేరు రాసుకోండి. అక్కడి నీళ్ళు ముందు పరీక్షకి పంపాలి. పళ్ళు అనుమానం వరకే పనికొస్తాయి, తేల్చేది నీటి పరీక్షే. పైగా ఆ చారలు ఐదేళ్ళ కిందట తాగిన నీళ్ళ గురించి చెబుతాయి. ఇప్పుడు తాగే నీళ్ళు వేరే అయి ఉండొచ్చు.

3. నీళ్ళు సరిగ్గా పట్టండి

పరీక్ష ఎక్కడ చేస్తారు? జల్ జీవన్ మిషన్ కింద ఊళ్ళలో నీటి పరీక్ష కిట్లు ఇచ్చారు. ఒక్కో ఊరికి ఐదుగురు ఆడవాళ్ళకి వాటిని వాడటం నేర్పించాలని ఆ పథకం నియమం. మీ ఊళ్ళో ఆ కిట్టు ఎవరి దగ్గరుందో పంచాయతీ సెక్రటరీనో, ఆశా కార్యకర్తనో అడగండి. కొద్దిగా నీళ్ళలో మందు చుక్కలు వేస్తే రంగు మారుతుంది. ఆ రంగుని అట్ట మీది రంగులతో పోల్చి చూస్తారు. ఈ కిట్టుతో ఎక్కువా తక్కువా అన్నది పట్టుకోవచ్చు. ఎక్కువ అని వస్తే ల్యాబ్ పరీక్ష తప్పదు. దానికి గ్రామీణ నీటి సరఫరా శాఖ (ఆర్‌డబ్ల్యూఎస్) ఏఈ గారి దగ్గరికి వెళ్ళి, ఏ ల్యాబ్‌కి పంపుతారో, ఫలితం ఎప్పుడొస్తుందో అడగండి.

ల్యాబ్‌కి ఇచ్చే నీళ్ళు పట్టడంలో ఒక పద్ధతుంది. ఫ్లోరైడ్ పరీక్షకి ప్లాస్టిక్ సీసానే తీసుకోండి, గాజు సీసా వద్దు. అర లీటరు, లీటరు మంచినీళ్ళ సీసా చాలు. కూల్‌డ్రింకు సీసా అయితే ఎంత కడిగినా తీపి వదలదు, వద్దు. సబ్బు పెట్టి కడగకండి. చేతిపంపు అయితే కొన్ని నిమిషాలు కొట్టి, గొట్టంలో నిలిచిన నీళ్ళు పోనివ్వండి. వచ్చే కొత్త నీళ్ళతోనే సీసాని, మూతని రెండు మూడు సార్లు తొలిచి పారబొయ్యండి. ఆ తర్వాత నిండా పట్టి మూత బిగించండి. బిందెలోంచి, ట్యాంకులోంచి ముంచి పట్టకండి. క్రిముల పరీక్ష కూడా కావాలంటే దానికి ల్యాబ్ వాళ్ళే వేరే సీసా ఇస్తారు. దీనితో కలపకూడదు.

ఇక చీటీ. ల్యాబ్ గుమ్మంలో జరిగే మాటలు ఇలా ఉంటాయి.

"అమ్మా, ఈ నీళ్ళు ఎక్కడివి?"

"మా ఊరి బోరువండి."

"మీ ఊళ్ళో ఎన్ని బోర్లున్నాయమ్మా?"

"మూడుండాయండి."

"ఇది ఏ బోరుది?"

ఆవిడ సీసా వైపు చూస్తుంది. తెచ్చింది ఆవిడ కాదు, మరిది పట్టిచ్చాడు. పరీక్ష జరుగుతుంది, అంకె వస్తుంది. ఆ అంకె ఏ బోరుదో ఎవరికీ తెలియదు. అందుకని సీసా నింపిన చోటే, తడి ఆరకముందే చీటీ రాసి అంటించండి: గూడెం పేరు, పంచాయతీ, "బడి వెనక చింతచెట్టు దగ్గరి చేతిపంపు" అన్నంత వివరంగా చోటు, తేదీ, టైము, పట్టినవారి పేరు. ఫోన్‌లో ఆ పంపు ఫోటో, సీసా ఫోటో తీసి ఉంచుకుంటే ఇంకా మంచిది.

4. కాగితం మీద అంకె చదవడం

రిపోర్టులో ఫ్లోరైడ్ వరస వెతకండి. లీటరుకి ఇన్ని మిల్లీగ్రాములు అని ఉంటుంది. కొన్నిచోట్ల పీపీఎం అని రాస్తారు. తాగే నీళ్ళ విషయంలో రెండూ ఒకటే.

1.0 లోపు ఉంటే ఫ్లోరైడ్ గురించి నిశ్చింతగా ఉండండి. మన దేశ ప్రమాణాల ప్రకారం అది మంచి నీరు. 1.0 నుంచి 1.5 మధ్య ఉంటే, ఇంకో మంచి ఆధారం లేనప్పుడు తాగొచ్చని ఆ ప్రమాణాలే చెబుతాయి. అయినా ఇంట్లో గర్భిణి, పసిబిడ్డ ఉంటే తక్కువ ఫ్లోరైడ్ ఉన్న నీళ్ళు దొరుకుతాయేమో చూడండి. 1.5 దాటితే ఆ నీళ్ళు తాగడానికీ వంటకీ ఆపాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు కూడా అదే.

ఒక్క పరీక్షతో కంగారుపడకండి. దాటిందని వస్తే అదే బోరు నుంచి రెండో సీసా పంపండి. రెండోదీ ఎక్కువే అని వస్తే ఇక ఆలోచించేదేమీ లేదు.

5. ఎక్కువుందని తేలితే ఎవరికి ముందు?

మంచి నీళ్ళు కొంచెమే దొరికినప్పుడు అందరికీ సమానంగా పంచాలనిపిస్తుంది. ఇక్కడ అలా పంచకండి. మొదటి వాటా కడుపుతో ఉన్న తల్లిది. ఫ్లోరైడ్ మాయ దాటి కడుపులో బిడ్డకి చేరుతుంది. మెక్సికో, కెనడాల్లో గర్భిణుల మూత్రంలో ఫ్లోరైడ్‌ని కొలిచి, వాళ్ళకి పుట్టిన పిల్లల్ని ఏళ్ళ తరబడి గమనించిన అధ్యయనాలు కూడా ఈ జాగ్రత్తే చెబుతున్నాయి. రెండో వాటా డబ్బాపాలు తాగే పసిబిడ్డది. పాలపొడి కలిపేది ఆ నీళ్ళతోనే కాబట్టి, ఒంటి బరువుతో పోలిస్తే ఆ బిడ్డకి చేరే ఫ్లోరైడ్ అందరికంటే ఎక్కువ. తల్లిపాలలో మాత్రం, తల్లి ఎలాంటి నీళ్ళు తాగినా, ఫ్లోరైడ్ చాలా చాలా తక్కువ. ఆరు నెలలదాకా తల్లిపాలే ఇవ్వండి అని ఆశా అక్క చెప్పేదానికి ఇది ఇంకో బలమైన కారణం. మూడో వాటా ఎనిమిదేళ్ళ లోపు పిల్లలది. తర్వాత మిగతావాళ్ళు.

స్నానానికి, బట్టలకి, గిన్నెలకి ఆ బోరు నీళ్ళే వాడుకోండి. ఏమీ కాదు. మార్చాల్సింది తాగే నీళ్ళు, వండే నీళ్ళు. వంట సంగతి చాలామంది మరిచిపోతారు. అన్నం, పప్పు, జావ ఉడికేటప్పుడు నీళ్ళతోపాటు ఫ్లోరైడ్ కూడా అందులోనే ఇంకుతుంది.

మరి ఏ నీళ్ళు? మన దగ్గర దారులు చాలానే ఉన్నాయి. ఇంకో బోరు బాగుందేమో చూడండి. ఊట ఉంటే దాని చుట్టూ గట్టు కట్టి, పశువులు రాకుండా కంచె వేసి, క్లోరిన్ కలిపి గానీ మరగబెట్టి గానీ తాగండి. స్లాబు, రేకు ఉన్న బడులకి వాన నీళ్ళు పెద్ద ఆసరా. వాన నీళ్ళలో ఫ్లోరైడ్ దాదాపు ఉండదు. మొదటి వానలకి కప్పు కడిగిపోనిచ్చి, ఆ తర్వాతి నీళ్ళు మూతున్న ట్యాంకులోకి పట్టండి. ఇన్ని వానలు పడే కొండల్లో ఉండి ఈ దారి వదులుకోవడం నాకు మనసొప్పదు.

తిండి కూడా తోడుపడుతుంది. ఒంట్లో కాల్షియం, విటమిన్ సి బాగా ఉన్న పిల్లలు ఫ్లోరైడ్ దెబ్బని కొంత తట్టుకుంటారు. చోడి అంబలి, ఉసిరికాయ, పాలు, ఆకుకూరలు ఇందుకే. మన అడవి చింతపండు సంగతి కూడా చెప్పాలి. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 2002లో బడిపిల్లల మీద ఒక చిన్న అధ్యయనం చేశారు. చింతపండు తిన్న రోజుల్లో వాళ్ళ మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోయిందట. చారు తాగితే చెడ్డ బోరు మంచిదవుతుందని దీని అర్థం కాదు. ఏరిన చింతపండంతా సంతకీ గిరిజన సహకార సంస్థ (జీసీసీ)కీ వెయ్యకుండా, పిల్లల కంచంలోకీ కొంత ఉంచండి.

6. మంచి మనసుతో చేసే తప్పులు

మరగబెట్టడం. ఇది అన్నిటికంటే ఎక్కువమంది చేసే తప్పు. క్రిములు చావడానికి మరగబెట్టాలి, ఊట నీళ్ళకీ వాగు నీళ్ళకీ అది చాలా అవసరం. ఫ్లోరైడ్ మాత్రం ఆవిరైపోదు. రెండు లీటర్లు మరిగి మరిగి లీటరు అయ్యిందంటే, రెండు లీటర్లలో ఉన్న ఫ్లోరైడ్ అంతా ఆ ఒక్క లీటరులోనే ఉంటుంది.

గుడ్డతో వడకట్టినా, క్యాండిల్ ఫిల్టరులో పోసినా ఫ్లోరైడ్ పోదు. ఆర్వో మిషను తగ్గిస్తుంది, అదీ సమయానికి పొరలు మారిస్తేనే. హాస్టల్లో ఆర్వో పెట్టారని ఊరుకోకుండా, దాని కుళాయిలోంచి వచ్చే నీళ్ళు కూడా ఏడాదికోసారి పరీక్షకి పంపండి.

పటిక కలపడం. నల్లగొండ పద్ధతి అని మీరు వినే ఉంటారు. నాగపూర్‌లోని నీరీ సంస్థ శాస్త్రవేత్తలు 1970లలో తయారుచేశారు. పటిక, సున్నం లెక్క ప్రకారం కలిపి, కలియబెట్టి, తేర్చి పైనీళ్ళు తీస్తారు. ఆ లెక్క నీటిలోని ఫ్లోరైడ్‌ని బట్టి, క్షారగుణాన్ని బట్టి మారుతుంది. ఇంట్లో అందాజాగా గుప్పెడు పటిక వేస్తే ఫ్లోరైడ్ సరిగ్గా పోదు సరికదా, నీళ్ళలో అల్యూమినియం మిగులుతుంది. తెలిసినవాళ్ళు దగ్గరుండి నేర్పితేనే దీని జోలికి వెళ్ళండి.

టూత్‌పేస్టు పారెయ్యడం. ఫ్లోరైడ్ అనగానే పేస్టు మీద పడతారు. పేస్టులో ఉండే ఫ్లోరైడ్ పళ్ళు పుచ్చకుండా కాపాడేందుకే. దాన్ని మింగకుండా ఉమ్మెయ్యాలి. మూడేళ్ళ లోపు బిడ్డకి బియ్యపు గింజంత, ఆరేళ్ళ లోపు బిడ్డకి బఠాణీ గింజంత చాలు. పక్కన నిలబడి ఉమ్మించండి. తియ్యగా ఉందని పిల్లలు పేస్టు తినడమే అసలు ప్రమాదం.

అన్నిటికంటే ప్రమాదకరమైన తప్పు చివర చెబుతున్నాను. బోరు మీద అనుమానంతో, పరీక్ష లేకుండా, వాగు నీళ్ళు పచ్చివే తాగడం మొదలుపెట్టడం. ఫ్లోరైడ్ ఏళ్ళ మీద పనిచేస్తుంది. కలుషితమైన నీళ్ళు రెండు రోజుల్లో విరేచనాలు పట్టించి బిడ్డని పడేస్తాయి. వానాకాలంలో, రోడ్డు తెగి, ఆసుపత్రి దూరమైన గూడెంలో అది ప్రాణం మీదికొస్తుంది.

7. ఫ్లోరైడ్ ఎక్కువ లేదని తేలిందా? అయితే అసలు వెతుకులాట ఇప్పుడు మొదలు

రిపోర్టులో 0.4 వచ్చింది. సంతోషం. కానీ బిడ్డకి చదువు ఇంకా ఎక్కడం లేదు. ఫైలు మూసేస్తారా? మన కొండల్లో పిల్లల మెదడుని వెనక్కి లాగేవి ఇంకా ఉన్నాయి. వాటిలో చాలావాటికి మందు చవక, పరీక్ష తేలిక.

మొదటిది ఉప్పు. గొంతు దగ్గర వాపు, గాయిటర్, కొండప్రాంతాల్లో పాత జబ్బు. అయోడిన్ తీవ్రంగా తక్కువైన చోట పిల్లల ఐక్యూ సగటున 12, 13 పాయింట్లు తగ్గినట్టు ప్రపంచవ్యాప్తంగా చేసిన అధ్యయనాలు చెబుతున్నాయి. ఇందాక ఫ్లోరైడ్ అంకె చూశారు కదా, దాని పక్కన దీన్ని పెట్టి చూడండి. ఇంట్లో ఏ ఉప్పు వాడుతున్నారు? సంతలో బస్తాలోంచి కొలిచి పోసే కళ్ళుప్పులో అయోడిన్ ఉందని ఎవరు చెప్పారు? అయోడిన్ లేని ఉప్పు తిండికి అమ్మకూడదని 2006 మే నుంచి దేశమంతటా నియమం ఉంది. ప్యాకెట్ మీద అయోడిన్ గుర్తు చూసి కొనండి. మూతున్న డబ్బాలో పొయ్యికి దూరంగా పెట్టండి. కూర దించే ముందు వెయ్యండి. వెదురు కొమ్ముల కూర మనకి ఇష్టం. వాటిలో అయోడిన్ పనిని అడ్డుకునే పదార్థాలుంటాయి. మానక్కర్లేదు, ఉడికించి ఆ నీళ్ళు పారబోసి వండుకోండి.

రెండోది రక్తహీనత. కనురెప్ప కిందకి లాగి చూస్తే పాలిపోయి ఉంటుంది. క్లాసులో బిడ్డ నిద్రపోతుంటుంది, మాస్టారేమో బద్ధకం అనుకుంటారు. పీహెచ్‌సీలో హిమోగ్లోబిన్ చూపించండి. గిరిజన పిల్లల్లో సికిల్ సెల్ జబ్బు కూడా కనబడుతుంది కాబట్టి ఆ పరీక్ష కూడా అడగండి. ఏడాదికి రెండుసార్లు బడిలో ఇచ్చే నులిపురుగుల మాత్రని మీ బిడ్డ నమిలి మింగేలా చూడండి. మళ్ళీ మళ్ళీ వచ్చే మలేరియా కూడా రక్తాన్ని తినేస్తుంది, దోమతెర వాడండి.

చెవులు, కళ్ళు మరిచిపోకండి. చెవిలో చీము కారే పిల్లవాడు సగం పాఠం వినడు. బోర్డు కనబడని పిల్ల పక్కపిల్ల నోట్సు చూసి రాస్తుంది. ఇద్దరినీ మొద్దులంటాం.

8. పదిమంది కలిసి అడగండి

ఒక ఇల్లు బోరుని మార్చలేదు. నల్లగొండ వాళ్ళు ఏం చేశారో చూడండి. 1996 లోక్‌సభ ఎన్నికల్లో ఆ ఒక్క నియోజకవర్గంలో 480 మంది పోటీలో నిలబడ్డారు. గెలుద్దామని కాదు. జలసాధన సమితి పిలుపు మీద, తమ నీళ్ళ గోడు దేశానికి వినిపించాలని. బ్యాలెట్ పత్రం పుస్తకం సైజులో అచ్చు వెయ్యాల్సి వచ్చింది. దేశమంతా వాళ్ళ నీళ్ళ గురించి మాట్లాడుకుంది. మీ చేతిలో అంత కంటే దగ్గరి దారి ఉంది. షెడ్యూల్డు ప్రాంతాల్లో గ్రామసభకి బలమిచ్చిన పెసా చట్టం వచ్చింది కూడా ఆ ఏడాదే. గ్రామసభలో తీర్మానం చెయ్యండి, దాని నకలు జతచేసి అర్జీ ఇవ్వండి.

అర్జీలో కన్నీళ్ళ కంటే అంకెలు ఎక్కువ పనిచేస్తాయి. ఇలా రాయొచ్చు:

"ఐటీడీఏ ప్రాజెక్టు అధికారి గారికి, ఆర్‌డబ్ల్యూఎస్ ఇంజినీరు గారికి నమస్కారాలు. మా గూడెంలో బడి వెనక ఉన్న చేతిపంపు నీళ్ళను ఫలానా తేదీల్లో రెండుసార్లు పరీక్ష చేయించాము. ఫ్లోరైడ్ ఇంత, ఇంత వచ్చింది. రిపోర్టులు జతచేశాము. ఈ నీళ్ళు తాగే కుటుంబాలు ఇన్ని, ఆరేళ్ళ లోపు పిల్లలు ఇందరు, గర్భిణులు ఇందరు. పంపు మీద ‘తాగడానికి కాదు’ అని ఎర్ర రంగుతో రాయించవలసిందిగా, గూడెం పైనున్న ఊట నుంచి పైపులైను వేయించవలసిందిగా, అంతవరకు బడికి మంచినీళ్ళు పంపవలసిందిగా కోరుతున్నాము."

రెండు కాపీలు తీసుకెళ్ళండి. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకోండి. ముద్ర వెయ్యకుండా "చూస్తాంలేమ్మా" అంటే, "అయ్యా, ముద్ర వేసిచ్చే వరకు ఇక్కడే కూర్చుంటామండి" అని మర్యాదగా చెప్పండి. నెల రోజుల్లో కదలిక లేకపోతే, అదే కాపీ పట్టుకుని అర్జీలు తీసుకునే రోజున మళ్ళీ వెళ్ళండి. ఒక్కరు వెళ్ళకండి. సర్పంచ్‌ని, బడి కమిటీ తల్లుల్ని, వీలైతే మాస్టార్ని వెంటబెట్టుకోండి.

పరీక్ష ఫలితం వచ్చాక బడి గోడ మీద రాయండి: ఏ బోరు, ఎంత, ఏ తేదీ. ఫ్లోరైడ్ లాంటివి ఏడాదికోసారి, క్రిములు వానలకి ముందోసారి, వానల తర్వాతోసారి చూడాలి. కొత్త బోరు వేసినా, పాతది ఇంకా లోతుకి దించినా, మొదటి బిందె ఇంటికి తీసుకెళ్ళకముందే ఒక సీసా ల్యాబ్‌కి పంపండి.